దిండు పెట్టుకుంటే ధ్యానం తగ్గిపోదు

ప్రశ్న: నా వయసు 47. హనుమకొండలో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. నిరుడు సెలవు పెట్టి నాగార్జునసాగర్‌లో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాను. అక్కడున్నన్ని రోజులూ యోగాసనాలు వేయొద్దన్నారు. ఇంటికొచ్చాక తెల్లవారుజామున గంటసేపు కూర్చునేదాన్ని గానీ, నడుము, మోకాళ్లు పట్టేసి రెండు నెలలకే మానేశాను. తర్వాత బెంగళూరులో ఉండే మా అక్క కూతురు యిన్ యోగా నేర్పింది. ఒక్కో భంగిమలో నాలుగైదు నిమిషాలు కదలకుండా ఉండాలి. మూడు నెలలుగా వీడియోలు చూసి చేస్తున్నాను, ఒళ్లు తేలికైంది. భంగిమలో ఉన్నంతసేపూ విపశ్యనలో చెప్పినట్టు శరీరాన్ని గమనిస్తున్నాను. ఇలా రెండూ కలపడం తప్పా? భంగిమలో గమనిస్తే ధ్యానం అయిపోయినట్టేనా, మళ్లీ విడిగా కూర్చోవాలా? సీతాకోకచిలుక భంగిమలో నిద్ర ముంచుకొస్తుంది. పావురం భంగిమలో కుడి మోకాలి లోపలివైపు పోటు వస్తుంది, 'అనిచ్చ, అనిచ్చ' (అన్నీ మారిపోయేవే, అనిత్యం) అనుకుంటూ ఓర్చుకుంటున్నాను. ఒకరోజు అదే భంగిమలో కారణం లేకుండా ఏడుపొచ్చింది. మా అత్తగారేమో "పడుకునేదాన్ని యోగా అంటారా, పూజ చేసుకోకుండా బుద్ధుడి ధ్యానమేమిటి" అంటున్నారు. ఉదయం 5 నుంచి 5.45 వరకే నాకు దొరికే సమయం. ఎలా సర్దుకోమంటారు?
— ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీరు అడిగినవాటికన్నా ముందు, అడగకుండా వదిలేసినదాని గురించి మాట్లాడాలి. ఆ పావురం భంగిమ రేపటి నుంచి వేయకండి. కుడివైపే కాదు, ఎడమవైపు కూడా కొన్నాళ్లు వద్దు. మోకాలిలో పోటు వస్తుంటే 'అనిచ్చ' అనుకుని ఓర్చుకుంటున్నానని రాశారే, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మిగతా ఉత్తరమంతా ఆ తర్వాతే చదివాను.

పావురం భంగిమలో ముందుకాలిని మడిచి చాప మీద అడ్డంగా పెడతాం. ఆ తిరుగుడంతా తుంటి కీలులో జరగాలి. తుంటి గిన్నెలో బంతిలా అమరిన కీలు, అన్నివైపులకూ తిరుగుతుంది. మోకాలు ప్రధానంగా తలుపు బందులాంటిది. ముడవడం, చాపడం దాని పని, మెలి తిరగడం దానికి కొద్దిగానే చేతనవును. తుంటి బిగుసుకుపోయి తిరగనప్పుడు, మనం కాలిని అలాగే కిందికి నొక్కి పెడితే, మిగిలిపోయిన ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. లోపలివైపు పోటు అంటే అక్కడ ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ లాగబడుతోందనో, కీలు మధ్యలో మెత్తగా ఉండే మెనిస్కస్ నలుగుతోందనో అనుమానించాలి. కండరం పట్టేస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. లిగమెంట్‌కు, మెనిస్కస్‌కు రక్తప్రసారం తక్కువ. అవి దెబ్బతింటే మానడానికి నెలలు పడుతుంది. మీ మోకాలికి వాపుంటే, మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటుంటే, ముడిచిన కాలు మధ్యలో చిక్కుకుపోయినట్టు ఆగుతుంటే, ఏ భంగిమ కన్నా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

మోకాలు శాంతించాక దాని బదులు ఇది చేయొచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, కుడి చీలమండను ఎడమ తొడ మీద, మోకాలికి కాస్త పైగా ఆనించండి. కుడి పాదం వేళ్లను మీవైపు లాక్కుని ఉంచండి. ఎడమ పాదాన్ని గోడకు పెడితే బరువంతా గోడ మోస్తుంది, చేతులు అలసిపోవు. లాగుడు పిరుదు బయటివైపు తెలియాలి. మోకాలిలో ఏమీ తెలియకూడదు. తెలిస్తే ఇదీ వద్దు.

ఈ ఓర్పు మీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. శిబిరంలో విపశ్యన నేర్పిన దగ్గర్నుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు, కాళ్లూ చేతులూ కదపకుండా, కళ్లు తెరవకుండా కూర్చోమంటారు. దాన్ని అధిష్ఠానం అంటారు. మొదటిరోజు నరకంలా ఉండి, ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో ఆ నొప్పి ముక్కలు ముక్కలుగా విడిపోయి, కదులుతూ, మారుతూ కనిపిస్తుంది. ఆ అనుభవం ఒకసారి కలిగినవాళ్లకు 'కదలకపోతే చాలు, నొప్పి దానంతటదే కరుగుతుంది' అన్న నమ్మకం బలంగా నాటుకుంటుంది. మీరు ఆ నమ్మకాన్ని చాప మీదికి తెచ్చుకున్నారు. కానీ ధ్యానానికి కూర్చునే ఆసనాన్ని కీలు మీద భారం పడకుండా చూసి ఎంచుకుంటాం. నేల మీద కూర్చోలేనివాళ్లకు శిబిరంలోనే కుర్చీ ఇస్తారు కదా. యిన్ భంగిమ అలా కాదు. అది కావాలనే ఒక కీలు చుట్టూ భారం పెట్టి, నిమిషాల తరబడి అలాగే ఉంచే పద్ధతి. అందులో అధిష్ఠానం పట్టకూడదు. మీ ఉత్తరానికి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. భంగిమలో కదలకుండా ఉండటం మీరు పెట్టుకున్న ఏర్పాటు మాత్రమే, అది వ్రతం కాదు. అక్కడ జరిగేదాన్ని తెలుసుకుంటూ ఉండటమే సాధన. 'ఇది కీలు నొప్పి, ఇప్పుడు కదలాలి' అని తెలుసుకుని నెమ్మదిగా కదలడం కూడా ఆ తెలుసుకోవడంలో భాగమే.

నేనూ ఈ పొరపాటు చేశాను. వెనక్కి వాలి పడుకునే సుప్త వీరాసనంలో ఐదు నిమిషాలు పూర్తి చేయాలన్న పట్టుదలతో పాదం తిమ్మిరెక్కుతున్నా లేవలేదు. అప్పుడు దాన్ని సమత, అంటే దేనికీ చలించని మనసు అనుకున్నాను. తర్వాత మూడు వారాలు పాదం పైభాగంలో స్పర్శ సరిగా తెలియక, చెప్పు జారిపోయినా గమనించక తిరిగాను. మీకింత గట్టిగా చెప్పడం అందుకే.

బుద్ధుడి శిష్యుల్లో సోణుడనే ఆయన కథ మీకు పనికొస్తుంది. చంపానగరంలో శ్రీమంతుల బిడ్డ, చాలా సుకుమారుడు. అరికాళ్లలో కూడా వెంట్రుకలు మొలిచేంత మెత్తని పాదాలని చెబుతారు. భిక్షువయ్యాక రాజగృహం దగ్గరి శీతవనంలో పట్టుదలగా అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేశాడు. పాదాలు పగిలి ఆ దారి రక్తంతో తడిసింది. ఇంత చేసినా మనసు విడుదల కాలేదు, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుంటే మేలేమో అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి, ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు వీణ బాగా వాయించేవాడివి కదా, తంత్రులు మరీ బిగిస్తే పలికేదా, మరీ వదులు చేస్తే పలికేదా అని అడిగాడు. ఇంతవరకు చాలామందికి తెలుసు. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో దీని తర్వాత ఇంకో సంగతి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. బుద్ధుడు సోణుడికి చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇచ్చాడు. నా ఒక్కడికే అయితే వద్దు, సంఘమంతటికీ ఇస్తే వేసుకుంటానన్నాడు సోణుడు. అలా భిక్షువులందరికీ చెప్పులు వచ్చాయి. మడతపెట్టిన దుప్పటి, తొడ కింద దిండు, వీపు వెనక గోడ, ఇవన్నీ మీకు ఆ చెప్పులు. మంచి సాధకురాలు దిండు వాడకూడదన్న ఆలోచన ఉంటే తీసేయండి.

ఏ బాధతో ఉండొచ్చు, ఏ బాధకు లేవాలి అన్నది ఇక్కడే తేల్చుకుందాం. కండ పొట్టలో, అంటే తొడ మధ్యలో, పిరుదులో, నడుముకు రెండు పక్కలా మొద్దుగా, వెడల్పుగా తెలిసే లాగుడు, బరువు, సన్నని సలుపు పరవాలేదు. ఊపిరి మామూలుగా ఆడుతోందంటే అక్కడ ఉండొచ్చు. సూదితో పొడిచినట్టున్నా, కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, మంట కాలి కిందికి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, కీలు లోపలే ఒకచోట పోటుగా తెలుస్తున్నా వెంటనే వెనక్కి రావాలి. ఊపిరి బిగబట్టుకుంటున్నారంటే నొప్పి ఏ రకమైనదైనా మీరు ఎక్కువ దూరం వెళ్లినట్టే. డిస్కు జారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు, కీళ్లు పుట్టుకతోనే మరీ వదులుగా ఉన్నవాళ్లు ఈ ఉత్తరం చదివి యిన్ యోగా మొదలుపెట్టొద్దు. వాళ్లు ముందు వైద్యుల్ని అడిగి, తర్వాత తెలిసిన గురువు ఎదుట చేయాలి.

ఇక కలపడం తప్పా అన్న మాట. యిన్ యోగా ఈ పేరుతో మనముందుకు వచ్చిందే ఆ కలయికతో. అమెరికాలో పాలీ జింక్ అనే యుద్ధకళల గురువు చైనా తావో సంప్రదాయం నుంచి వచ్చిన తావో యోగా నేర్పేవాడు. ఆయన దగ్గర 1980ల చివర్లో పాల్ గ్రిల్లీ నేర్చుకున్నాడు. ఎక్కువసేపు నిలిచి ఉండే, నేల మీద చేసే భంగిమల్ని విడదీసి, శరీరశాస్త్రంతో జోడించి చెప్పడం మొదలుపెట్టాడు. జపాన్‌కు చెందిన హిరోషి మొటోయామా దగ్గర విన్న నాడీమార్గాల ఆలోచన కూడా అందులో చేరింది. గ్రిల్లీ శిష్యురాలు సారా పవర్స్ దీనికి యిన్ యోగా అన్న పేరు సూచించింది. బౌద్ధ ధ్యానం సాధన చేసే ఆమె, భంగిమలో నిలిచే ఆ నిమిషాలను స్మృతి సాధనకు, అంటే ఎరుకతో గమనించడానికి వాడుకోవడం నేర్పుతూ వచ్చింది. ఇంకోవైపు 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జాన్ కబట్-జిన్ దీర్ఘకాలం నొప్పులున్న రోగుల కోసం మొదలుపెట్టిన కార్యక్రమంలో కూడా కూర్చునే ధ్యానం, పడుకుని శరీరాన్ని గమనించడం, తేలికపాటి హఠయోగం మూడూ కలిసే ఉన్నాయి. మీరు కొత్త తప్పేదీ చేయడం లేదు.

శిబిరంలో వద్దనడానికి కారణం వేరు. ఆ పది రోజులూ ఒక్క పద్ధతికే పరీక్షగా ఇవ్వమంటారు, పైగా ఇతరులకు ఇబ్బంది లేకుండా విడిగా ఆసనాలు వేసుకునే చోటు అక్కడ ఉండదు. యోగా విపశ్యనకు విరుద్ధమని వాళ్లు ఎక్కడా అనరు. శిబిరం అయ్యేదాకా ఆపమంటారు, అంతే. అయితే వాళ్ల ఇంకో మాట మాత్రం నేను మీకు గుర్తుచేస్తాను. కూర్చున్నప్పుడు వాళ్లు నేర్పిన పద్ధతిలో మంత్రాన్నో, రంగునో, ఇంకో ధ్యానాన్నో కలపొద్దంటారు. ఆ మాట పాటించండి. కూర్చునే సమయాన్ని నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఉంచుకోండి.

నాడీమార్గాల్లో శక్తి ప్రవహిస్తుందని వీడియోల్లో చెప్పేది చైనా సంప్రదాయపు మాట. ఆ గౌరవంతో వినండి. సాధనకు మాత్రం దాన్ని నమ్మాల్సిన అవసరం లేదు. పిరుదులో లాగుడు పిరుదులో లాగుడుగా తెలిస్తే చాలు.

భంగిమలో గమనిస్తే ధ్యానమేనా? స్మృతి సాధన గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో నడవడం, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం చెప్పి, ఆ వెంటనే "యథా యథా వా పనస్స కాయో పణిహితో హోతి, తథా తథా నం పజానాతి" అన్నారు. శరీరం ఎలా ఎలా అమరి ఉంటే అలా అలా దాన్ని తెలుసుకుంటాడని అర్థం. సీతాకోకచిలుక భంగిమను మినహాయించమని అందులో లేదు. కాబట్టి, అవును, అది ధ్యానమే. అయినా విడిగా కూర్చోమనే చెబుతాను. భంగిమలో లాగుడు గట్టిగా వినపడే చప్పుడులాంటిది, మనసు వద్దన్నా అటే పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు అంత చప్పుడు ఉండదు. వేదనలు, అంటే మనకు తెలిసే అనుభూతులు, మూడు రకాలని మీరు విన్నారు: సుఖం, దుఃఖం, రెండూ కానిది. మొదటి రెండూ భంగిమ మీకు బాగా చూపిస్తుంది. ఆ మూడోది, ఏమీ అనిపించని చోటు, విసుగు పుట్టి మనసు బ్యాంకు లెక్కల్లోకి జారిపోయే చోటు, కూర్చున్నప్పుడే ఎదురవుతుంది. దాన్ని వదిలేస్తే సాధన సగమే అవుతుంది.

భంగిమలో ఏం చేయాలో మీరు ఒక్క ముక్కలో 'గమనిస్తున్నాను' అని రాశారు. నేను కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ నాలుగు నిమిషాల్లోనే అసలు సరుకంతా ఉంది. తల నుంచి పాదాల దాకా వరుసగా చూసుకుంటూ పోవడం ఇక్కడ చేయకండి, దాన్ని కూర్చున్నప్పటికి ఉంచండి. సీతాకోకచిలుక భంగిమనే తీసుకుందాం. అరికాళ్లు కలిపి, మడమల్ని ఒంటికి జానెడు దూరంగా ఉంచి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి ముందుకు వాలారు. మొదటి నిమిషం సర్దుకోవడానికే పోతుంది. కూర్చున్న చోట నేల ఎలా తగులుతోంది, బరువు ఏ పక్క ఎక్కువుంది, ఊపిరి పొట్టలో ఆడుతోందా ఛాతీలో ఆడుతోందా, ఇవి తెలిస్తే చాలు. రెండో నిమిషానికి లాగుడు ఒకచోట నిలబడుతుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చూడండి. మొదట ముద్దలా ఉన్నది కాసేపటికి అంచులు మారుతుంటుంది. అది బాగుందా, బాగాలేదా, ఏమీ లేదా అని ఒక్కసారి అడగండి, జవాబు రాకపోయినా పరవాలేదు.

మూడో నిమిషంలో 'ఇంకా ఎంతసేపు' అన్న ఆలోచన వస్తుంది. చాలామంది దీన్ని ఆటంకం అనుకుని తోసేసి మళ్లీ ఊపిరి దగ్గరికి పరిగెడతారు. వద్దు, అక్కడే ఆగండి. లాగుడు తొడలో ఉంది, 'గంట ఎప్పుడు మోగుతుందా' అన్నది మనసులో ఉంది. రెండూ ఒకటే బాధగా తెలుస్తున్నవి ఇక్కడ విడివిడిగా కనిపిస్తాయి. శిబిరంలో గంటసేపు నొప్పితో కూర్చుని చూసింది ఇదే, ఇక్కడ నాలుగు నిమిషాల్లో, భద్రంగా, రోజూ చూడొచ్చు. యిన్ యోగా బౌద్ధ ధ్యానానికి చేసే మేలు ఇదేనని నా అభిప్రాయం. మన చేతుల్లో ఉన్నంత, కొలత తెలిసినంత అసౌకర్యాన్ని తీసుకుని, దానికి మనసు ఎలా ఎదురుతిరుగుతుందో చదువుకోవడం. అసౌకర్యం అంతకు మించితే మనసు చదవదు, పళ్లు బిగిస్తుంది.

నాలుగో నిమిషంలో ఒక్కోసారి లాగుడు ఉన్నట్టుండి కరిగిపోతుంది. ఒళ్లు కిందికి జారుతుంది, హాయిగా ఉంటుంది. అప్పుడు మరింత జాగ్రత్త. 'రేపూ ఇలాగే రావాలి' అని మనసు వెంటనే బేరం పెట్టుకుంటుంది. బాధను తోసేయడం ఎంతో, హాయిని పట్టుకోవడమూ అంతే, బుద్ధుడు రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు.

ఇక బయటికి వచ్చే ఘడియ. గంట మోగగానే లేచి పక్క భంగిమలోకి దూకేస్తున్నారేమో చూసుకోండి. చేతులతో మోకాళ్లను పట్టుకుని మెల్లగా దగ్గరికి తెచ్చి, వెల్లకిలా పడుకుని ఒక నిమిషం ఏమీ చేయకండి. తుంటి కాసేపు ముసలివాళ్ల తుంటిలా బలహీనంగా అనిపిస్తుంది, తర్వాత వెచ్చదనం, తర్వాత జలజలమన్నట్టు ఏదో, తర్వాత మామూలు. నాలుగు నిమిషాల కింద కొండంతగా ఉన్న లాగుడు ఎక్కడుందో వెతికినా దొరకదు. మీరు నోటితో అనుకుంటున్న 'అనిచ్చ' ఇక్కడ అనుకోకుండానే కనిపిస్తుంది. మాట అక్కర్లేదు. అసలు భంగిమలో ఆ మాట జపంలా అనడం మానేయండి. నొప్పిని చూడకుండా దాటేయడానికి ఆ మాట అడ్డుగా మారుతోందని నాకు అనిపిస్తోంది.

నిద్ర గురించి. మొగ్గల్లానుడంతటి శిష్యుడికే ధ్యానంలో కునుకు వస్తే బుద్ధుడు చెప్పిన ఉపాయాలు ఆయన ఉపదేశాల సంకలనం అంగుత్తర నికాయంలో ఉన్నాయి. ఆలోచన మార్చు, నేర్చుకున్నది వల్లెవేయి, చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు కడుక్కుని నక్షత్రాలు చూడు, వెలుతురును మనసులో నిలుపు, నడువు. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపు తిరిగి పడుకో. ఆ చివరి మాట ఎంత దయగా ఉందో చూడండి. మీరు ముందుకు వాలే బదులు గోడకు వీపు ఆనించి, కళ్లు సగం తెరిచి అదే భంగిమలో కూర్చోండి. గదిలో దీపం వేయండి. రెండు వారాలు ఇలా చేసినా కునుకు ఆగకపోతే అది ధ్యానంలో లోపం కాదు, మీకు నిద్ర చాలడం లేదు. ఈ వయసులో చాలామంది స్త్రీలకు రాత్రి నిద్ర మధ్యమధ్యలో తెగుతుంది. రాత్రి పదింటికి పక్క ఎక్కగలరేమో చూడండి, లేదంటే వారంలో రెండు రోజులు ఆ 45 నిమిషాలూ నిద్రకే ఇచ్చేయండి.

ఏడుపు వచ్చిన రోజు గురించి మీరు రెండే మాటలు రాశారు. తుంట్లలో పాత దుఃఖాలు దాగి ఉంటాయని యోగా తరగతుల్లో చెబుతుంటారు. నేనలా చెప్పను. పొద్దస్తమానం కౌంటరు దగ్గరా, వంటింట్లోనూ ఇంకొకరి కోసం కదిలే మనిషి నాలుగు నిమిషాలు ఎవరూ పిలవని చోట ఆగితే, వెనకబడి నడుస్తున్నది ఏదో వచ్చి అందుకుంటుంది. పైగా ఆ రోజు మోకాలి నొప్పి కూడా మీరు దిగమింగుతున్నారు. కారణం వెతకొద్దు, కథ అల్లొద్దు. గొంతులో ఎలా ఉంది, ఛాతీలో ఎలా ఉంది, కన్నీరు చెంప మీద వెచ్చగా ఉందా చల్లగా ఉందా, ఇంతే చూడండి. సతిపట్ఠాన సుత్తంలో రాగం, అంటే కోరిక ఉన్న మనసును రాగం ఉన్న మనసుగా తెలుసుకోమన్నట్టే, దుఃఖం ఉన్న మనసును అలాగే తెలుసుకోవడం. ఎప్పుడో ఒకసారి వచ్చిపోతే అదేమీ జబ్బు కాదు. కానీ రోజూ వస్తుంటే, పాత సంఘటన ఏదైనా కళ్లముందు తిరుగుతుంటే, ఆ దిగులు పగలంతా వెంటే ఉంటే, ధ్యానం ఆపి కళ్లు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, ఇంట్లో ఒకరితో మాట్లాడండి. అలాంటప్పుడు మరింత ధ్యానం మందు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ వాళ్ల 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. మానసిక వైద్యుల్ని కలవడానికి ఏమాత్రం మొహమాటపడొద్దు.

మీ అత్తగారి మాటల్ని కొట్టిపారేయను. పడుకునేదాన్ని యోగా అంటారా అన్నారు కదా, శవాసనం ఏ నాటిదో ఆవిడనే అడగండి. పతంజలి ఆసనానికి ఇచ్చిన లక్షణం 'స్థిరసుఖం'. ఆ పక్క సూత్రంలోనే ప్రయత్నాన్ని సడలించడం గురించి చెప్పాడు. యిన్ యోగా పుట్టింది అమెరికాలోనే అయినా, ఆ రెండు సూత్రాలకు అది దూరం కాదు. బుద్ధుడి సంగతి అంటారా, మీరు శిబిరానికి వెళ్లిన సాగర్ నీళ్ల కిందే 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. శ్రీశాంతమూలుడు అశ్వమేధం చేసిన రాజు. ఆయన సొంత తోబుట్టువు, శాసనాల్లో చాంతిసిరి అన్న పేరుతో కనిపించే ఆవిడ, బుద్ధుడి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, పెద్ద దాత. ఒకే ఇంట్లో అన్నో తమ్ముడో యజ్ఞం చేశాడు, చెల్లో అక్కో స్తూపానికి దానమిచ్చింది. ఇది మన నేల మీద జరిగిందే. అయితే పూజ నిజంగానే తగ్గిపోయి ఉంటే ఆవిడ బాధకు అర్థం ఉంది. ధ్యానం కోసం దీపం మానేయమని ఎవరూ చెప్పలేదు. ధ్యానం నుంచి లేచి తిన్నగా దేవుడి గదిలోకి వెళ్లి దీపం పెట్టండి, అదే నెమ్మదితో. ఆవిడకు మీ వివరణ కన్నా అది నచ్చుతుంది.

మీ 45 నిమిషాల సంగతి చూద్దాం. లేవగానే వంగే భంగిమలు వద్దు. రాత్రంతా పడుకుని ఉండటంతో వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, ఆ వేళ నడుము గుండ్రంగా వంచితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. మొదటి ఐదు నిమిషాలు మొహం కడుక్కుని, గోరువెచ్చని నీళ్లు తాగి, హాల్లో అటూ ఇటూ నడవండి, పాదం నేలకు తగలడం తెలుసుకుంటూ. తర్వాత సీతాకోకచిలుక నాలుగు నిమిషాలు, నడుము వంచకుండా, గోడకు ఆనుకుని. ఒక నిమిషం పడక. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తే భంగిమ, మన భుజంగాసనానికి సోమరి చెల్లెలు, మూడు నిమిషాలు. మళ్లీ ఒక నిమిషం పడక. పైన చెప్పిన చీలమండ భంగిమ రెండువైపులా మూడేసి నిమిషాలు, మోకాలు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే ఆ సమయమంతా గోడకు కాళ్లు ఎత్తిపెట్టి పడుకోండి. ఇంకో నిమిషం పడక. దాదాపు 5.20 అవుతుంది. అక్కడి నుంచి ఫోన్ చూడకుండా, దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టకుండా, కూర్చోండి. పీట మీద మడత దుప్పటి వేసుకుని, తుంటి మోకాళ్లకన్నా ఎత్తులో ఉండేలా. కుర్చీ అయినా సరే, దానికి సిగ్గుపడాల్సింది లేదు. 20 నిమిషాలు కూర్చుని, మిగిలిన కొద్దిసేపు శిబిరంలో చివర నేర్పిన మైత్రీభావన, అంటే అందరి మేలూ కోరుకునే ధ్యానం, చేయండి. గంట కూర్చోవడానికి తొందరపడకండి, 20 నిమిషాలు నొప్పి లేకుండా నెల రోజులు గడిచాక ఐదు పెంచండి.

వరసలో భంగిమలు ముందు, కూర్చోవడం వెనక అని ఎందుకన్నానంటే, తుంటి చుట్టూ కాస్త వదులైతే వెన్ను దానంతటదే నిలబడుతుంది. మీరు మొదటిసారి మానేసింది ఆ నిలబడటం రాకనే. భంగిమలు వారంలో నాలుగు రోజులు చాలు, రోజు విడిచి రోజు. మిగతా రోజుల్లో నడక, కూర్చోవడం. ముందుకు పూర్తిగా వంగే పశ్చిమోత్తానాసనం మీద మనసుంటే ఆదివారం సాయంత్రం, ఒళ్లు వేడెక్కాక, మోకాళ్ల కింద దుప్పటి చుట్టపెట్టి చేసుకోండి. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి రోజూ కాస్త బలం పెంచే వ్యాయామం, కనీసం మెట్లెక్కడం, కుర్చీలోంచి చేతులు పెట్టకుండా పదిసార్లు లేవడం లాంటివి కలపండి. యిన్ ఒక్కటే చేస్తే కీళ్లు వదులవుతాయి గానీ వాటిని పట్టి ఉంచే కండరాలకు పని దొరకదు.

రెండు మూడు నెలల తర్వాత, మోకాలు పూర్తిగా నెమ్మదించాక, పావురం భంగిమ మళ్లీ వేయాలనిపిస్తే తుంటి కింద మందపాటి దిండు పెట్టి, పాదాన్ని ఒంటికి దగ్గరగా ఉంచి, ఒక్క నిమిషంతో మొదలుపెట్టండి. మోకాలిలో ఏ కొంచెం పోటు తెలిసినా బయటికి వచ్చేయండి. వచ్చేస్తున్నప్పుడు 'చేయలేకపోయాను' అన్న మాట మనసులో లేస్తే, లేచి వెళ్లిపోకుండా ఒక నిమిషం పడుకుని ఆ మాట ఎంతసేపు ఉంటుందో చూడండి.